మ్యాప్‌ఇన్ఫో: విండోస్ లేని కంప్యూటర్లలో వాడకం

మ్యాప్‌ఇన్ఫో పటాల తయారీకి, స్థల సమాచార విశ్లేషణకు వాడే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది తూర్పు ఒడ్డున ఉన్న ట్రాయ్ నగరంలో పుట్టింది. ఇప్పటి మ్యాప్‌ఇన్ఫో ప్రో విండోస్ మీదే నడుస్తుంది. మ్యాక్‌కు గానీ లినక్స్‌కు గానీ అలవాటుపడిన ఉద్యోగికి ఆఫీసులో ఇదే తప్పనిసరైతే ఏం చేయాలన్నది పాత సమస్యే. తెలుగు నేల మీద ఈ ఇబ్బంది టెలికాం రంగంలో కనిపిస్తుంది. సెల్ టవర్ల సిగ్నల్‌ను కొలుస్తూ రోడ్ల మీద తిరిగి డ్రైవ్ టెస్ట్ చేసే ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) ఇంజనీర్లకు మ్యాప్‌ఇన్ఫో రోజువారీ పనిముట్టు.

పుట్టుక

1824లో ఏర్పడిన రెన్‌సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ ట్రాయ్‌లోనే ఉంది. షాన్ ఓసల్లివన్ సహా అక్కడి విద్యార్థులు కొందరు 1986లో మ్యాప్‌ఇన్ఫో కంపెనీ పెట్టారు. మొదటి పేరు నావిగేషనల్ టెక్నాలజీస్. ఆ రోజుల్లో కంప్యూటర్ మీద పటం గీయాలంటే ఖరీదైన వర్క్‌స్టేషన్లు, వాటిని నడిపే నిపుణులు కావాలి. మామూలు పీసీ మీద, డాస్‌లో, మార్కెటింగ్ ఉద్యోగి కూడా తన ఖాతాదారులను పటం మీద చూసుకునేలా చేయడమే వీరి అసలు ఘనత. 2007లో పిట్నీ బోస్ సంస్థ సుమారు 40.8 కోట్ల డాలర్లకు కంపెనీని కొనుక్కుంది. 2019లో పిట్నీ బోస్ సాఫ్ట్‌వేర్ విభాగం సింక్‌సార్ట్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. సింక్‌సార్ట్ 2020లో ప్రిసైస్లీగా పేరు మార్చుకుంది.

విండోస్‌కే ఎందుకు పరిమితమైంది?

మొదటి నుంచీ ఇలా లేదు. 1990లలో మ్యాకింతోష్‌కు, యూనిక్స్ వర్క్‌స్టేషన్లకు కూడా మ్యాప్‌ఇన్ఫో వచ్చేది. ఆ దశాబ్దంలోనే ఆఫీసు బల్లలన్నీ విండోస్ పరమయ్యాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌ను మూడు వ్యవస్థలకు రాయడం, పరీక్షించడం, ప్రతి కొత్త వెర్షన్‌కూ మళ్లీ సరిచేయడం మూడింతల ఖర్చు. మైక్రోసాఫ్ట్‌తో కంపెనీ బంధం కూడా దగ్గరిదే: ఎక్సెల్ 95 నుంచి ఎక్సెల్ 2000 దాకా వచ్చిన మైక్రోసాఫ్ట్ మ్యాప్ అనే పటాల సదుపాయాన్ని తయారుచేసింది మ్యాప్‌ఇన్ఫోనే. వేరే విండోస్ ప్రోగ్రాములో పటాన్ని పొదిగే ఓఎల్‌ఈ ఆటోమేషన్, తరవాత వచ్చిన మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఆధారం ఈ ముడిని ఇంకా బిగించాయి. వ్యాపారపరంగా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ దాని భారం కొనే కంపెనీ మీద కాక వాడే ఉద్యోగి మీద పడింది.

దారులు

2006లో యాపిల్ ఇంటెల్ చిప్‌లకు మారినప్పుడు బూట్ క్యాంప్ వచ్చింది. మ్యాక్‌లోనే ఒక భాగంలో విండోస్ వేసుకుని, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకునే ఏర్పాటు అది. పటాల పనికి అంతకంటే హాయైన పద్ధతి మళ్లీ రాలేదు, ఎందుకంటే విండోస్‌కు యంత్రం మొత్తం దక్కేది. 2020 నవంబరులో యాపిల్ సొంత ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు.

ఇప్పుడు మిగిలిన ప్రధాన మార్గం వర్చువల్ మెషీన్, అంటే ఒక వ్యవస్థ లోపల ఇంకో వ్యవస్థను నడపడం. ప్యారలల్స్ డెస్క్‌టాప్, వీఎమ్‌వేర్ ఫ్యూజన్ ఇందుకే ఉన్నాయి. యాపిల్ సొంత చిప్‌ల మీద నడిచేది ఆర్మ్ రకం విండోస్ 11. ప్యారలల్స్‌లో దాన్ని వాడటానికి మైక్రోసాఫ్ట్ 2023 ఫిబ్రవరిలో అధికారికంగా ఒప్పుకుంది. ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములను ఆర్మ్ విండోస్ అప్పటికప్పుడు మార్చుకుని నడుపుతుంది. చాలావరకు నడుస్తాయి కూడా. అయితే ఈ మార్పిడి డ్రైవర్లకు వర్తించదు. లైసెన్సు కోసం యూఎస్‌బీ తాళం గుచ్చాల్సిన సాఫ్ట్‌వేర్ గానీ, కొలత పరికరాన్ని నేరుగా తగిలించాల్సిన పని గానీ ఉంటే ఆర్మ్ డ్రైవర్ విడిగా ఉండి తీరాలి. డ్రైవ్ టెస్ట్ ఇంజనీరు కొత్త మ్యాక్ కొనేముందు కనుక్కోవలసిన మొదటి సంగతి ఇది. పెద్ద పటాలు తెరిచేవారు మెమొరీ విషయంలోనూ పొదుపు చూడకూడదు. ఒకే యంత్రంలోని మెమొరీని రెండు వ్యవస్థలు పంచుకుంటాయి. విండోస్ లైసెన్సు ఖర్చు దీనికి అదనం.

లినక్స్ వాడేవారికి వైన్ ఉంది. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టు విండోస్ లేకుండానే విండోస్ ప్రోగ్రాములను నడిపిస్తుంది. డాట్‌నెట్ మీద ఎక్కువగా ఆధారపడ్డ సాఫ్ట్‌వేర్‌తో మాత్రం నమ్మకంగా పనిచేయదు. జీతం తెచ్చే పనిని దాని మీద పెట్టడం మంచిది కాదు.

ఆఫీసులో ఉన్న విండోస్ కంప్యూటర్‌ను దూరం నుంచి వాడటం ఇంకో పద్ధతి. డేటా ఆఫీసు దాటదు కాబట్టి భద్రతా విభాగాలు దీన్నే ఇష్టపడతాయి. నెట్ నెమ్మదిస్తే పటాన్ని జరిపిన ప్రతిసారీ తెర ఆగి ఆగి కదులుతుంది, చిన్న గీతలను సరిదిద్దే పని విసుగెత్తిస్తుంది.

డేటా, పని పద్ధతి

సాఫ్ట్‌వేర్‌ను వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లలేకపోయినా డేటాను తీసుకెళ్లవచ్చు. మ్యాప్‌ఇన్ఫో ట్యాబ్ పట్టిక నిజానికి ఒకే ఫైలు కాదు. వివరాలు, ఆకారాలు, వాటిని జతచేసే సూచికలు వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి, అన్నీ కలిపి పంపాలి. దీని నిర్మాణాన్ని కంపెనీ బయటపెట్టలేదు. అయినా డేనియల్ మోరిసెట్ చేపట్టిన మిట్యాబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆ ఫైళ్లను చదవగలిగింది, తరవాత జీడాల్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో కలిసింది. అందువల్ల గ్యారీ షెర్మన్ 2002లో మొదలుపెట్టిన క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ నేడు మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ట్యాబ్ ఫైళ్లను తెరుస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. ఇన్నేళ్ల వాడకంలో ఎందరో ఉద్యోగులకు నిజంగా ఊరటనిచ్చింది ఈ నిశ్శబ్ద శ్రమే. మ్యాప్‌ఇన్ఫో మార్పిడి కోసం ఇచ్చిన మిఫ్ రూపం మామూలు అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని ఏ వ్యవస్థ అయినా చదవగలదు.

దాటిరానిది పని పద్ధతి. రంగులు, పొరల వరస, లేబుళ్లను గుర్తుపెట్టుకునే వర్క్‌స్పేస్ ఫైలు మ్యాప్‌ఇన్ఫో ఆజ్ఞల జాబితా. మ్యాప్‌ఇన్ఫో సొంత ప్రోగ్రామింగ్ భాష మ్యాప్‌బేసిక్‌లో రాసిన ప్రోగ్రాములకూ మ్యాప్‌ఇన్ఫోనే కావాలి. టవర్ల సెక్టార్లను విసనకర్ర ఆకారంలో గీసే చిన్న ప్రోగ్రాము ఒకటి బృందమంతా వాడుతుంటే, క్యూజీఐఎస్‌కు మారే ఉద్యోగి దాన్ని పైథాన్‌లో మళ్లీ రాసుకోవాలి.

తెలుగు అక్షరాల చిక్కు

పాత ట్యాబ్ ఫైళ్లు అక్షరాలకు విండోస్ కోడ్‌పేజీల మీద ఆధారపడేవి. కంప్యూటర్ మొత్తానికి వర్తించే అలాంటి కోడ్‌పేజీ తెలుగుకు ఎప్పుడూ లేదు. విండోస్‌లో తెలుగు యూనికోడ్‌తోనే వచ్చింది. ఫలితంగా ఆ కాలపు పట్టికల్లో ఊళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండిపోయాయి, ఒకే ఊరికి మూడు నాలుగు స్పెల్లింగులతో. 64 బిట్ల మ్యాప్‌ఇన్ఫో వచ్చాక యూనికోడ్ పట్టికలు సాధ్యమయ్యాయి. పాత డేటాను క్యూజీఐఎస్‌లో తెరిచి యూనికోడ్ వాడే జియోప్యాకేజ్ ఫైలు రూపంలో దాచుకుంటే, అక్కడ తెలుగు పేర్ల కోసం ఒక కొత్త నిలువు వరస చేర్చుకోవచ్చు.