సొంత కంప్యూటరులో తెలుగు అక్షరాలు

1981లో ఐ.బి.యం. సంస్థ వ్యక్తిగత కంప్యూటరును విపణికి తెచ్చింది. యంత్రం మనదే కావచ్చును. అందులో మన భాష లేనినాడు దానితో చెలిమి ఎట్లా కుదురుతుంది?

కంప్యూటరు అక్షరాన్ని అంకెగా దాచుకొంటుంది. తొలినాళ్ళలో ఒక్కొక్క తెలుగు ఫాంటుకు ఒక్కొక్క అంకెల వరుస ఉండేది. అందుచేత ఒకచోట టైపుచేసిన ప్రశ్నపత్రం, ఆ ఫాంటు లేని మరొక కంప్యూటరులో పిచ్చి గీతలుగా కనబడేది. 1991లో వెలువడిన యూనికోడు ఈ గందరగోళానికి విరుగుడు. అందులో 'క' సంఖ్య 3093. ఏ యంత్రంలోనైనా అంతే.

సరే, టైపు చేయడం ఎట్లా? ఈ భారం చాలావరకు వాడుకరులే ఎత్తుకొన్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాసే ఆర్.టి.యస్. పద్ధతిని కల్పించారు. ఏ, ఎం, ఎం, ఏ మీటలు నొక్కితే 'అమ్మ' అన్నమాట! వీవెన్ గారి 'లేఖిని' 2006లో వచ్చింది.

2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర అందించిన ఒక ఫాంటు పేరు 'సురవరం'. పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారి పేరే అది. 1926లో మొదలైన ఆయన గోలకొండ పత్రిక సీసపు అక్షరాలతో అచ్చయింది. ఆయన పేరిటి ఈ అక్షరాలను నల్లగొండ విద్యార్థి అయినా రుసుము లేకుండా వాడుకోవచ్చును, మార్చవచ్చును, తోటివారికి పంచవచ్చును.