జొన్నకూడు పక్కన ఏముండేది?

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. మాకు తూర్పునున్న డెల్టా ఊళ్లు వరి అన్నానికి అలవాటుపడ్డాయి. గుంటూరు జిల్లాలోని మా ప్రత్తిపాడు నల్లరేగడి మాత్రం వాన మీదే బతికింది. జొన్న, సజ్జ, వరిగ, కొర్ర పండేవి. సాళ్ల మధ్య కంది, అనుము, అలసంద. వరి అన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. పల్నాడు వెళ్లిన శ్రీనాథుడు జొన్నకూడు మీద చాటువుల్లో విసుక్కున్నాడు గానీ మెట్టరైతుకు ఆ కూడే ఆధారం.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పొద్దున్నే గ్రౌండుకు వెళ్తాను. కబడ్డీ ఆడే కుర్రాళ్లదీ, నడకకొచ్చే నడివయసువాళ్లదీ ఒకటే ప్రశ్న: కొవ్వు తగ్గాలి, సత్తువ తగ్గకూడదు, ఏం తినాలి? పాతవాళ్లలా జొన్నలు తింటే చాలని చాలామంది నమ్మకం. ఆ పాత కంచం నేను చూశాను. అందులో సగమే మనకు గుర్తుంది.

మా నాయనమ్మ జొన్నలకు కాస్త తడి తగిలించి రోట్లో దంచేది. చెరిగి పొట్టు పోగొట్టి, ఎసట్లో పోసి, తెడ్డుతో అడుగంటకుండా కలుపుతూ ఉడికించేది. కంచంలో ముద్ద పెట్టి నడుమ గుంట చేస్తే అందులోకి గోంగూర పప్పో, కందిపచ్చడో పడేది. ఎడ్లకు ఉలవలు ఉడకేస్తే గుగ్గిళ్లు వాటికి, ఆ కట్టు కాచి మాకు చారు. మిగిలిన ముద్దలో రాత్రే మజ్జిగ పోసి ఉంచితే, తెల్లారి నాగలి పట్టేవాళ్లకు అదే చద్ది. ముద్ద ఎంత పెద్దదైనా పక్కన పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉండేవి. ఆ తిండి అరగడానికి పొద్దుగూకేదాకా చాకిరీ ఉండేది.

అందరి ఇళ్లలోనూ ఇలా ఉండేదని చెప్పలేను. కూలీనాలీ చేసుకునేవాళ్లకు చాలా రోజులు జొన్నా మిరపకాయే. వట్టి జొన్న మీద బతికితే ఏమవుతుందో హైదరాబాదు శాస్త్రవేత్తలు చూశారు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన వాళ్ల సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దక్కనులో జొన్నే ఆహారమైన పేదల్లో ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగిలే పెల్లగ్రా జబ్బు కనిపించేది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అందుకు కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. జొన్నను దేవుణ్ణి చేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

తర్వాత కంచం మారింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు, జిల్లాలో వరి పెరిగింది. సాగునీటి కోసం గుంటూరు ఛానల్‌ను పర్చూరు దాకా పొడిగించమని మా ప్రాంతం మాత్రం దశాబ్దాలుగా అడుగుతూనే ఉంది. మాకు నీళ్లకన్నా బియ్యమే ముందొచ్చాయి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టను. చేలల్లో పత్తి, మిరప పరుచుకుని జొన్న పోయింది, దాంతోపాటు సాళ్ల మధ్య పప్పుధాన్యమూ చాలావరకు పోయింది. ట్రాక్టరొచ్చి ఎడ్లు పోయాయి, ఉలవకట్టూ పోయింది. ఒంటి పని తగ్గింది, అన్నం కుప్ప తగ్గలేదు.

మొన్న ఒక కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, రాత్రిళ్లు అన్నం మానేసి జొన్నరొట్టెలే తింటన్నా. పొట్ట తగ్గలా."

"ఎన్ని తింటన్నావురా?"

"అయిదండీ."

"కూరేంటి?"

"బంగాళదుంప వేపుడండీ."

వంద గ్రాముల బియ్యంలో సుమారు 355 కేలరీలుంటే జొన్నలో 335. తేడా అంతే. కందిపప్పులోనూ ఉలవల్లోనూ మాంసకృత్తులు వందకు 21 గ్రాముల పైన, బియ్యంలో ఎనిమిది లోపు. రోజుకు 2000 కేలరీల కంచానికి జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది: ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. నాయనమ్మ కంచం పొందిక ఇందులో కనబడుతుంది, ముద్ద సైజు తప్ప. అందుకే వాడికి రొట్టెలు రెండు చేసి, పప్పు గట్టిగా వేసుకుని, వేపుడు బదులు గోంగూరో బీరకాయో తినమన్నాను. ఆటకు ముందు పస్తుండొద్దన్నాను. పస్తులుంటే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది.

మిరప కోతలకొచ్చే ఆడవాళ్ల క్యారేజీలు చూస్తే నాకు మరో దిగులు. పొద్దంతా వంగి కోసే మనుషులు వాళ్లు. గిన్నె నిండా అన్నం, పైన పచ్చడి, ఓ గరిటె పల్చటి చారు. వాళ్లకు తగ్గించుకోవాల్సింది ఏమీ లేదు, పప్పు కలవాలి. కూలికి పిలిచే రైతు మధ్యాహ్నానికి ఉడికించిన శనగలో, అలసందలో పెడితే పెద్ద ఖర్చేం కాదు.