కక్షిదారు మాట, వకీలు కట్ట: నయాపూల్ న్యాయవృత్తిలో గోప్యత చరిత్ర

అఫ్జల్‌గంజ్ వైపు నుంచి నయాపూల్ వంతెన మీదుగా మూసీ దాటి పాతబస్తీలోకి ప్రవేశించేవారికి కుడిచేతి వైపున హైకోర్టు భవనం కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత నదీతీరాన్ని కొత్తగా తీర్చిదిద్దే క్రమంలో, విన్సెంట్ ఎష్ పర్యవేక్షణలో 1915లో మొదలై 1919లో పూర్తయిన ఈ కట్టడాన్ని 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు. దాని గుమ్మటాల గురించి, గులాబిరంగు రాతి గురించి పుస్తకాల్లో విస్తారంగానే ఉంది. అయితే న్యాయమూర్తి బల్లమీదికి చేరేలోగా ఒక కాగితం ఎన్ని చేతులు మారుతుందో, ఆ చేతుల్లో కక్షిదారు సొంత విషయాలు ఏ మేరకు భద్రంగా ఉంటూ వచ్చాయో పరిశీలించడం కూడా ఆ భవనపు చరిత్రలో భాగమే. పంపకాల తగాదా, అప్పుల లెక్క, రోగం, పుట్టుక, భార్యాభర్తల ఎడబాటు వంటి, సొంత తోబుట్టువులకు కూడా చెప్పుకోలేని సంగతులను మనిషి వకీలుకు చెబుతాడు. ఆ మాటను కాపాడే భారం వకీలు ఒక్కడి మీదే ఉన్నట్టు చట్టగ్రంథాలు చాలాచోట్ల మాట్లాడినా, నయాపూల్ అనుభవంలో ఆ భారం మున్షీ, దుబాసీ, గుమస్తా, టైపిస్టు, జూనియర్ వకీలు అనే వరుస అంతటి మీదా పడింది. ఆ వరుసలో కొందరినే చట్టం తన పరిధిలోకి తెచ్చుకొంది.

వకీలుకు చెప్పిన మాటను బయటపెట్టించరాదన్న నియమం ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలానికే రూపు దిద్దుకొంది. 1577 నాటి బెర్డ్, లవ్‌లేస్ వ్యాజ్యంలో ఒక సొలిసిటరును, అంటే కక్షిదారు తరఫున వ్యవహారం నడిపే న్యాయవాదిని, తన కక్షిదారు వ్యవహారంలో సాక్ష్యమిచ్చే పని లేకుండా కోర్టు మినహాయించింది. తొలినాళ్లలో ఈ రక్షణకు ఆధారం వకీలు పెద్దమనిషి తరహా. మాట ఇచ్చినవాడు మాట తప్పితే అతని పరువు పోతుందన్నదే అప్పటి భావన. కాలక్రమంలో ఆ రక్షణ వకీలుది కాదు, కక్షిదారుది అనే అవగాహన స్థిరపడింది. బ్రిటిష్ ఇండియాలో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన 1872 సాక్ష్య చట్టం ఈ రెండో అవగాహనతోనే, 126వ సెక్షనులో, వృత్తి సందర్భంలో కక్షిదారు చెప్పిన మాటను గాని, చూపిన దస్తావేజులోని విషయాన్ని గాని, తాను ఇచ్చిన సలహాను గాని కక్షిదారు స్పష్టంగా ఒప్పుకొంటే తప్ప వకీలు వెల్లడించరాదని శాసించింది. వకాలతు ముగిసిన తరువాత కూడా ఈ కట్టుబాటు కొనసాగుతుందని అదే సెక్షనుకు వివరణ చేర్చింది.

ఆ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణలు చట్టం గీసిన గీత ఎక్కడుందో చూపుతాయి. తాను దొంగ దస్తావేజు పుట్టించాననీ, తన తరఫున వాదించమనీ కోరే ముద్దాయి మాట రహస్యంగానే ఉంటుంది. దొంగ దస్తావేజు చూపి ఒక ఆస్తిని స్వాధీనం చేసుకోవాలనుకొంటున్నాననీ, అందుకు దావా వేయమనీ కోరేవాడి మాటకు మాత్రం ఆ రక్షణ లేదు. జరిగిపోయిన తప్పుకు సలహా అడగడం వేరు, జరపబోయే తప్పుకు వకీలును పనిముట్టుగా చేసుకోవడం వేరు అన్నది ఇక్కడి విచక్షణ. ఈ చట్టంలో అంతకంటె ముఖ్యమైనదీ, వ్యాఖ్యాతలు తరచు ఒక్క వాక్యంతో దాటిపోయేదీ 127వ సెక్షను. వకీలుకున్న కట్టుబాటునే అతని దుబాసీలకు, గుమస్తాలకు, నౌకర్లకు కూడా అది వర్తింపజేసింది. వకీలు కచేరీ నడిచే తీరు తెలిసినవారు మాత్రమే రాయగలిగిన నిబంధన అది.

ఈ చట్టం నయాపూల్‌కు వెంటనే రాలేదు. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియా చట్టాలను నమూనాగా పెట్టుకొని తన చట్టాలను తానే చేసుకొనేది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న 1853–1883 మధ్యకాలంలో మొదలైన న్యాయసంస్కరణల ఫలితంగా కోర్టుల శ్రేణి ఏర్పడింది, 1880లలో ఫారసీ స్థానంలో ఉర్దూ కోర్టుభాష అయింది. రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువారికీ, మరాఠీ, కన్నడ జిల్లాల వారికీ కోర్టులో మాట్లాడే భాష తమది కాదు. పాలమూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన రైతు తన తగాదాను తెలుగులో చెబితే, అది ఉర్దూ అర్జీగా మారేలోగా కనీసం ఒక మూడో మనిషి చెవిన పడేది. కక్షిదారు రహస్యం భాష మారేచోటే ఎక్కువగా బయటపడే వీలుంది. తాను చెప్పిందే కాగితం మీదికి ఎక్కిందా, చెప్పవద్దన్నది కూడా ఎక్కిందా అని సరిచూసుకొనే శక్తి ఉర్దూ రాని కక్షిదారుకు లేదు. రెండు భాషలూ క్షుణ్ణంగా తెలిసిన వకీలుకు ఆ రోజుల్లో ఉన్న గిరాకీకి వాక్చాతుర్యంతో పాటు ఇదీ ఒక కారణమై ఉండాలి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటి బహుభాషా పండితులు హైదరాబాదులో వకీళ్లుగా పేరు తెచ్చుకొన్న కాలం అది. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటరులో జరిగిన సంఘ సంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును సభికులు గేలిచేయడం ఆంధ్ర జనసంఘం పుట్టుకకు దారితీసిందన్న సంగతి ప్రసిద్ధం. ఆయన కూడా న్యాయవాదే కావడం గమనించదగినది.

1948లో హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసిన తరువాత, 1951 నాటి పార్ట్ బి రాష్ట్రాల చట్టం ద్వారా ఆ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి భారత సాక్ష్య చట్టం ఇక్కడ అమలులోకి వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, గుంటూరులో ఉన్న ఆంధ్ర హైకోర్టు నయాపూల్ భవనానికి తరలి వచ్చేసరికి హైకోర్టు వ్యవహారాలకు ఇంగ్లీషు స్థిరపడింది. కక్షిదారు మాట మళ్లీ భాష మారింది. ఉర్దూ మున్షీ పక్కన ఇంగ్లీషు టైపిస్టు చేరాడు. గుమస్తా వకీలు దగ్గర జీతం తీసుకొనేవాడు కాబట్టి 127వ సెక్షను అతన్ని కట్టి ఉంచింది. హైకోర్టు గేట్ల చుట్టూ, పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు పరిసరాల్లో పేజీకి ఇంత అని తీసుకొని అఫిడవిట్లు కొట్టిపెట్టే టైపిస్టు, ఆ తరువాతి తరంలో కట్టలకు కట్టలు నకళ్లు తీసే జెరాక్సు దుకాణం మనిషి వకీలు నౌకర్లు కారు, అనేక కచేరీలకు ఒకేసారి పనిచేసేవారు. ఒకే రోజు వాది అర్జీ, ప్రతివాది జవాబు ఒకే బల్లమీద పక్కపక్కన పడి ఉండే అవకాశం గల ఈ చోటు గురించి 1872 చట్టం సూటిగా ఏమీ చెప్పలేదు. అక్కడ రహస్యాలు ఇన్నేళ్లు ఎక్కువగా నిలిచాయంటే దానికి కారణం చట్టం కాదు. నోరు జారితే మరునాటి నుంచి పని రాదన్న ఎరుక, దానికి తోడు చాలామందిలో సహజంగా ఉన్న నిజాయితీ. పేరు పొందని ఆ పనివారికి న్యాయవృత్తి రుణపడి ఉంది.

1961 న్యాయవాదుల చట్టం వకీలు, ప్లీడరు వంటి పాత తరగతులను తీసివేసి అందరినీ అడ్వొకేట్లుగా ఒకే జాబితాలోకి చేర్చింది. దాని కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1975లో చేసిన నియమాలు సాక్ష్య చట్టపు 126వ సెక్షను విధించిన కట్టుబాటును ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని మీరరాదని, ఒక పక్షానికి సలహా ఇచ్చినవారు అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన నిలబడరాదని ఆదేశించాయి. అడ్వొకేట్లు కానివారితో ఫీజు పంచుకొనే భాగస్వామ్యాన్ని కూడా ఆ నియమాలు నిషేధించడం వల్ల, లా ఫర్మ్ అనేది, అంటే న్యాయవాదులు భాగస్తులుగా నడిపే సంస్థ, వ్యాపారుల పెట్టుబడికి దూరంగా ఉండిపోయింది. కక్షిదారు కాగితాల యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా వ్యాజ్యంలో జవాబు చెప్పింది: ఫీజు బాకీ ఉందన్న కారణంతో వకీలు కట్టను అట్టిపెట్టుకోరాదు, అడిగిన వెంటనే తిరిగి ఇవ్వాలి, ఫీజు కోసం వేరే దారి చూసుకోవాలి.

గోప్యత చరిత్రలో హైదరాబాదుకు సొంతమైన ఘట్టం మరొకటి ఉంది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టపు 73వ సెక్షనును సవరించి, స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకొనే పేరుతో, కలెక్టరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఎవరైనా దస్తావేజులు ఉన్నచోటికి వెళ్లి తనిఖీ చేయడానికి, అవసరమనుకొంటే వాటిని స్వాధీనం చేసుకోవడానికి వీలు కల్పించింది. బ్యాంకులు అభ్యంతరం తెలిపి హైకోర్టుకు వెళ్లగా, నయాపూల్ ఒడ్డునే ఆ సవరణ కొట్టివేతకు గురైంది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు వేసిన అప్పీలులో 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ వ్యాజ్యంలో, బ్యాంకు చేతికి ఇచ్చిన కాగితాల మీద ఖాతాదారుకు గోప్యత ఆశించే హక్కు ఉండదని తేల్చింది. ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటి, న్యాయమూర్తి అశోక్ భాన్‌లతో కూడిన ధర్మాసనం ఆ దారి పట్టలేదు. గోప్యత మనిషికి చెందుతుంది గాని చోటుకు చెందదు, కాబట్టి తన కాగితాన్ని నమ్మకంతో మరొకరి దగ్గర దాచినంత మాత్రాన మనిషి తన హక్కును వదులుకొన్నట్టు కాదు అన్నది ఆ తీర్పు సారం. వ్యాజ్యం బ్యాంకుల గురించినదే అయినా, కక్షిదారు కాగితం గుమస్తా బీరువాలో ఉన్నా, జెరాక్సు దుకాణంలో ఉన్నా దాని మీద హక్కు కక్షిదారుదే అనడానికి ఇంతకంటె బలమైన ఆధారం తెలుగు నేల మీద పుట్టిన న్యాయసంప్రదాయంలో దొరకడం కష్టం. గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన 2017 ఆగస్టు 24 నాటి పుట్టస్వామి తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పరిశీలించిన పూర్వ తీర్పుల వరుసలో ఇదీ ఉంది.

కాగితపు కట్టకు ఒక గుణం ఉంది: ఒక కట్టలో ఒక కక్షిదారు సంగతే ఉంటుంది, అది పోతే ఒకరికే నష్టం. ఈ-ఫైలింగ్, అంటే దావా కాగితాలను కంప్యూటరు ద్వారా దాఖలు చేయడం, 2020లో కొవిడ్ తెచ్చిన వీడియో విచారణలు, కక్షిదారులు వాట్సాప్‌లో పంపే ఆధార్ నకళ్లు కలిసి ఆ గుణాన్ని తుడిచివేశాయి. ఒక వకీలు ఫోనులో అతని కక్షిదారులందరూ ఉంటారు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం పాత 126, 127 సెక్షన్ల సారాన్ని తన 132వ సెక్షనులోకి తీసుకొన్నా, ఫోను గురించి వేరుగా మాట్లాడలేదు. దర్యాప్తు సంస్థలు వకీళ్లకే సమన్లు పంపడం మీద తనంతట తానుగా విచారణ చేపట్టిన సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న ఆ వెలితిని కొంత పూడ్చింది. 132వ సెక్షనులోని మినహాయింపుల కిందికి వస్తే తప్ప, అదీ సూపరింటెండెంట్ ఆఫ్ పోలీస్ హోదాకు తగ్గని పై అధికారి రాతపూర్వక అనుమతి ఉంటే తప్ప వకీలుకు సమన్లు పంపరాదని, వకీలు ఫోను గాని కంప్యూటరు గాని కావలసి వస్తే దాన్ని కోర్టు ముందే ఉంచాలని, పరిశీలించేటప్పుడు ఇతర కక్షిదారుల గోప్యతకు భంగం రాకుండా చూడాలని అది ఆదేశించింది. ఇతర కక్షిదారులు అన్న ఆ చివరి మాటలో కట్టకూ ఫోనుకూ ఉన్న తేడాను న్యాయస్థానం గుర్తించినట్టు కనిపిస్తుంది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం మరో దిశ నుంచి వచ్చింది. సమాచారం ఎవరిదో ఆ మనిషిని డేటా ప్రిన్సిపల్ అనీ, దాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిని డేటా ఫిడ్యూషియరీ అనీ, వారి తరఫున దాన్ని చేపట్టేవారిని డేటా ప్రాసెసర్ అనీ ఈ చట్టం పిలుస్తుంది. లా ఫర్మ్ రెండోది అయితే, స్కాన్ చేసిపెట్టే దుకాణం, దూరాన ఎక్కడో ఫైళ్లను దాచిపెట్టే క్లౌడ్ సంస్థ మూడోవి. న్యాయపరమైన హక్కును సాధించుకోవడానికి అవసరమైన సమాచార వినియోగానికి 17వ సెక్షను చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఎదుటి పక్షం అనుమతి తీసుకొని దావా వేయడం అయ్యే పని కాదు కాబట్టి అది సబబే. అయితే ప్రాసెసర్ చేసిన పనికి కూడా తానే జవాబుదారీ కావడం, తగిన భద్రత ఏర్పాట్లు చేయడం అనే రెండు బాధ్యతలు మినహాయింపులోకి రాలేదు. భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. టైపు బల్ల మీద పడి ఉన్న అఫిడవిట్‌కు 1872 చట్టం చేయని పనిని ఈ చట్టం ఆ విధంగా చేసింది, కాకపోతే కాగితం స్కాన్ అయిన తరువాతనే. సమాచారం దొంగల పాలైనప్పుడు సంబంధిత వ్యక్తికి కబురు చేసే బాధ్యత మాత్రం మినహాయింపులో కొట్టుకుపోయింది. తన విడాకుల అర్జీ బజారున పడిందని ఒక స్త్రీకి చెప్పే బాధ్యత ఆమె నమ్మిన వకీలుకు చట్టరీత్యా లేకపోవడం సమర్థించరానిది. పార్లమెంటు దిద్దేదాకా ఆగకుండా బార్ కౌన్సిల్ తన నియమాల్లో దాన్ని చేర్చవచ్చు. 2025 నవంబరులో వెలువడిన అమలు నియమాలు ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చాయి.

ఆ గడువు నయాపూల్ న్యాయవాదులకు మరో మార్పుతో కలిసి వస్తోంది. రాజేంద్రనగర్‌లో 100 ఎకరాల్లో తలపెట్టిన కొత్త హైకోర్టుకు 2024 మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు. పాత భవనంలో 2009 ఆగస్టు 31న చెలరేగిన మంటల్లో గ్రంథాలయం దగ్ధమైన సంగతి గుర్తున్నవారికి, కాగితాన్ని కాపాడడమంటే పరాయి కళ్ల నుంచి దాచడమే కాదు, నాశనం కాకుండా చూడడం కూడా అని వేరే చెప్పనక్కరలేదు. కోర్టు వెంట కచేరీలూ తరలేటప్పుడు, తీర్పులు వచ్చి దశాబ్దాలు దాటినా కక్షిదారులు వెనక్కి తీసుకోని కట్టలను ఏం చేయాలన్న ప్రశ్న ప్రతి కచేరీకీ ఎదురవుతుంది. వాటిని ఎన్నేళ్లు ఉంచాలో, ఎవరి సమక్షంలో ధ్వంసం చేయాలో 1975 నియమాలు చెప్పవు. వాటిలో ఏది కక్షిదారుకు తిరిగి ఇవ్వవలసిన అసలు దస్తావేజో, ఏది చించివేయదగిన నకలో విడదీయగలిగినవారు ఇంకా గుమస్తాలే. ఆ పని వాళ్లున్నప్పుడే, తరలింపుకు ముందే పూర్తి కావాలి.