బంగారు గనులు – ప్రజల మాట

ఈ ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయవలసినదని సంఘంవారు కోరినప్పుడు మాకు మొదట శాసనాలూ, పాలెగాండ్రూ జ్ఞాపకం వచ్చిన మాట నిజమే. కాని ఆ సాయంత్రమే మారికుప్పం దిక్కునుండి గాలి లేచింది. కిటికీ గట్టుమీద బూడిదవన్నె ధూళి పేరుకున్నది. దానిని వేలితో తుడిచి చూచుకున్నప్పుడు, చరిత్ర ఇంటిలోనికే వచ్చి కూర్చుండగా శాసనాలకై దూరం పోనేల అనిపించింది.

కోలారు బంగారు గనుల ఊరిని ఎరిగినవారికి ఆ దిబ్బలను గూర్చి చెప్పనక్కరలేదు. ఎరుగనివారికై రెండు మాటలు. గనినుండి తెచ్చిన రాతిని పిండిగా నలిపి, సైనైడు కలిపిన నీటిలో నానబెడితే బంగారం ఆ నీటిలో కరుగుతుంది. ఆ నీటినుండి బంగారాన్ని వేరుచేసి తీసుకుంటారు. మిగిలిన పిండిని బయట పోస్తారు. నూరేండ్లకు పైగా అట్లు పోయగా పోయగా 13 దిబ్బలైనవి. వానిలో మూడు కోట్ల టన్నులకు పైగా మట్టి ఉన్నదని లెక్క. జనం వానిని సైనైడు దిబ్బలంటారు. బయట పోసిన సైనైడు ఎండకు గాలికి కాలక్రమాన చాలావరకు విరిగిపోతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. కాని రాతిపిండి విరిగిపోదు. అది గాలితో లేస్తుంది, వానకు జారుతుంది, ఊపిరితిత్తులలో చేరుతుంది.

ఈ గనుల కథలో ఒక విచిత్రం ఉన్నది. దొరతనంవారు ఇక్కడి పల్లెప్రజలను మొట్టమొదట ఒక ప్రశ్న అడిగారు. 1802లో జాన్ వారెన్ అను సర్వేయరు ఈ ప్రాంతానికి వచ్చాడు. భూమిలో బంగారం ఉన్నదని వదంతి విని, జాడ చూపినవారికి బహుమానమిస్తానని చాటించాడు. ఊరివారు బండిమీద మట్టి తెచ్చి, ఆయన యెదుటనే కడిగి, పసిడి నలుసులు చూపారు. ఎక్కడున్నదో చెప్పండని అడిగినది ఆనాడు. తీయవచ్చునా, తీస్తే మీ బావులేమవుతాయి, మీ చేలేమవుతాయి అని అడగడానికి మరి రెండు వందల యేండ్లు పట్టింది.

ఆ నడుమ జరిగినదంతా అనుమతుల చరిత్రయే, కాని అన్నీ పైవారి అనుమతులు. 1870లలో లావెల్ అను విశ్రాంత సైనికుడు మైసూరు ప్రభుత్వంనుండి లైసెన్సు పొందాడు. 1880లో జాన్ టైలర్ కంపెనీవారు వచ్చారు. 1902లో శివసముద్రంనుండి 90 మైళ్ళ పొడవున తీగె లాగి గనులకు విద్యుచ్ఛక్తి తెచ్చారు. బెంగుళూరు వీధులకంటె ముందే ఇక్కడ దీపాలు వెలిగాయని మన పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. బేతమంగళం చెరువునుండి నీరు తెచ్చారు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు సీమలనుండి తమిళులూ తెలుగువారూ కూలికై వచ్చి గనులలో దిగారు. వారిలో చాలామంది హరిజన కుటుంబాలవారు. వారికి ఆ లైసెన్సులలో ఏమున్నదో ఎవరూ చదివి వినిపించలేదు. వారినుండి కాగితంమీద కోరినది ఒక్కటే, వేలిముద్ర. 1930లో ప్రతి కూలీ వేలిముద్ర వేసి పేరు నమోదు చేసుకోవాలన్నప్పుడు వేలమంది పని మాని కూర్చున్నారు. ఆ సమ్మెను గూర్చి మన సంఘాల సంచికలలో ఇంతవరకు ఎవరూ సరిగా వ్రాయలేదు. అది మా లోపం కూడాను.

ఇక చట్టం మాట. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని క్రింద 1994 జనవరిలో ఒక ప్రకటన వెలువడి, గనులవంటి పెద్ద పనులకు ముందుగా పర్యావరణ అనుమతి కావాలన్నది. 1997 ఏప్రిలులో దానిని సవరించి, ప్రజల మాట వినడం తప్పనిసరి చేశారు. 2006 సెప్టెంబరులో ఆ ప్రకటన స్థానంలో ఇంకొకటి వచ్చింది. సభకు 30 దినాల ముందు నోటీసు ఇవ్వాలి. అది ఒక జాతీయ పత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ పడాలి. సభను కాలుష్య నియంత్రణ బోర్డు జరుపుతుంది. జిల్లా మేజిస్ట్రేటుగాని, ఆయన తరఫున తగిన హోదాగల అధికారిగాని అధ్యక్షత వహిస్తారు. సభకు వచ్చిన ప్రతివానికీ అడిగే అవకాశమివ్వాలి. సంగతులన్నీ వ్రాసి, చివర సభలోనే స్థానిక భాషలో విప్పి చెప్పి, అప్పుడు సంతకం చేయాలి. ఇంతవరకు బాగున్నది. అయితే కోరం అక్కరలేదన్న మాట కూడా అందులోనే ఉన్నది. పదిమంది వచ్చినా సభ సభయే. వచ్చినవారందరూ వద్దన్నా అనుమతి ఆగాలని ఎక్కడా లేదు. వారి మాటను నిపుణుల సంఘం పరిశీలించాలి, అంతే.

ఈ సభను కన్నడంలో ‘ఆలికె’ అంటారు. మన ‘ఆలకించు’కు అది తోబుట్టువు. ఆ మాట మాకు చాలా నచ్చింది. కాని ఆలకించేది అధికారి మాత్రమే కాదు. ముందు జనం ఆలకించాలి, అర్థం చేసుకోవాలి, ఆ పిమ్మట పలకాలి. చిక్కంతా అక్కడనే ఉన్నది. కోలారు జిల్లాలో ఎన్నో ఇండ్లలో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరం కన్నడం. గనుల ఊరిలోనైతే తమిళం ఎక్కువ. నివేదిక సారాంశం ఇంగ్లీషులోనూ, రాష్ట్ర అధికార భాషలోగాని స్థానిక భాషలోగాని ఉంటే చాలునని నిబంధన. అసలు నివేదిక వందల పుటలు, ఇంగ్లీషులో. తెలుగు మాట్లాడి కన్నడం చదువలేని ముసలమ్మకు ఆ రెండూ ఒకటే. కన్నడంలో ఉండరాదని మేము అనడంలేదు. ఈ నేల అన్నం తిన్నవాళ్ళం, ఆ భాష మాకూ తల్లివంటిదే. వినగల భాషలో నోటితోనైనా చెప్పండి అని మాత్రమే మా మనవి.

ఇది చిన్న విషయమని తలచేవారు 2020ని జ్ఞాపకం చేసుకోవాలి. 2006 నాటి నిబంధనలను మార్చడానికి కేంద్రప్రభుత్వంవారు ముసాయిదా తెచ్చి, ప్రజలను అభిప్రాయం అడిగారు. అందులో నోటీసు గడువును 30 దినాలనుండి 20కి తగ్గించే మాట ఉన్నది. అడిగినది ఇంగ్లీషులోనూ హిందీలోనూ! ఢిల్లీ హైకోర్టు జూను 30న కలుగజేసుకొని, రాజ్యాంగంలోని 22 భాషలలోనికి అనువదించాలన్నది, గడువును ఆగస్టు 11కు పెంచింది. లక్షల సంఖ్యలో ఉత్తరాలు వెళ్ళాయి. భాష తెలిసిన జనం పలుకుతారనడానికి వేరే సాక్ష్యం కావాలా?

దూరదేశపు సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాము. పెరూ దేశంలో తంబోగ్రాండే అని ఒక ఊరు ఉన్నది. మన శ్రీనివాసపురంవలె అది మామిడికి, దానితోబాటు నిమ్మకు పేరుపడినది. ఆ ఊరిక్రింద బంగారం, రాగి ఉన్నవని కెనడా కంపెనీ ఒకటి వచ్చింది. 2002 జూను 2న పురపాలక సంఘంవారు ఓటు పెట్టగా, ఓటు వేసిన నూటికి 98 మంది వద్దన్నారు. ఆ ఓటును ప్రభుత్వం చట్టబద్ధమని అంగీకరించలేదు. మరుసటి సంవత్సరం డిసెంబరులో, కంపెనీ ఆర్థిక షరతులు నెరవేర్చలేదన్న కారణాన ఒప్పందం పోయింది. అందుచేత కాగితంమీద గెలిచినది షరతు, ఓటు కాదు. అయినా ఆ రైతుల ఓటు లేకపోతే కథ అక్కడిదాకా సాగేదా అని మాకు సందేహం.

మన ఊరికి వస్తే, 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. దిబ్బలు మూతపడలేదు. వానిలో టన్నుకు గ్రాములోపే అయినా బంగారం మిగిలి ఉన్నది. ధర పెరిగినకొద్దీ ఆ కొంచెమే లాభంగా కనబడుతుంది. 2024 జూనులో కర్ణాటక మంత్రివర్గంవారు, వెయ్యి ఎకరాలకు పైగా పరచుకొనియున్న ఆ 13 దిబ్బలను తిరిగి త్రవ్వుకొనుటకు కేంద్రం పంపిన ప్రతిపాదనను అంగీకరించారు. దీనివలన పని దొరుకుతుందని ఆశించే కుటుంబాలున్నాయి. వారిని తప్పు పట్టలేము. గని మూసిన నాటినుండి తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి చీకటిపడ్డాక దిగే బిడ్డలు వారి ఇండ్లలోనివారే. ఆ కుప్పలను కదిలించినప్పుడు లేచే ధూళికి ఏ ఏర్పాటు, నీరు ఎక్కడిది, పారినది పాలారులో కలుస్తుందా, పని మనవారికా బయటివారికా, ఇవన్నీ సభలో అడగవలసిన ప్రశ్నలే.

ఆ పనికి అనుమతి కోరి, సభ నోటీసు పడిననాడు చేతిలో ఉండేది 30 దినాలు. సంఘ కార్యవర్గంవారు ఉగాదికి పంచాంగం చదివించినట్లే, ఆ సారాంశాన్ని వీధి అరుగుమీద తెలుగులోనూ తమిళంలోనూ చదివించే పనికి ఇద్దరిని ఇప్పుడే నియమించాలని కోరుతున్నాము. సభనాడు మినిట్సు చదివేదాకా కదలక కూర్చోవడానికి ఇంకొక పదిమంది కావాలి. చివరి బస్సుకు వేళయిందని లేచిపోయేవారు వద్దు. మా పేరు మొదట వ్రాసుకోండి.