పందిరిమంచం మీద బందరు పూలు

మా అమ్మమ్మ దగ్గర ఒక అద్దకపు దుప్పటి ఉండేది. ఎండిన దానిమ్మ తొక్కలాంటి ఎరుపు. మధ్యలో ఒక చెట్టు. ఒక కొమ్మకి తామరపువ్వు, ఇంకో కొమ్మకి దానిమ్మకాయ, మరో కొమ్మకి లోకంలో ఏ తోటలోనూ పూయని ఏదో పువ్వు! చిన్నప్పుడు మధ్యాహ్నాలు అమ్మమ్మ పక్కన పడుకుని "ఇదేం చెట్టు అమ్మమ్మా?" అని అడిగేదాన్ని. "బందరు చెట్టే. అక్కడ అలాగే పూస్తాయి" అనేది ఆవిడ నిద్రమత్తులో. చాలాకాలం నిజమేననుకున్నాను కూడా.

తరవాత నేను కాలేజీలో చదివే రోజుల్లో, ఓ వేసవి సెలవుల్లో, వీధిలోకి స్టీలు సామాన్లవాడు వచ్చాడు. పాత చీరలూ, తమ్ముడి పొట్టిబడిన ప్యాంట్లూ పోగేసి బేరం చేస్తున్నదాన్ని నేనే. ఇంకొక్క బట్ట పడితే మూతగిన్నె ఇస్తానన్నాడు. చుట్టూ చూశాను. మంచం మీద ఆ దుప్పటి. అంచులు పీలికలయ్యాయి, మధ్యలో ఎలకలు కొట్టిన చిల్లు. తెచ్చి పడేశాను.

అమ్మమ్మ గుడి నుంచి వచ్చింది. మంచం చూసింది. గిన్నె చూసింది. "గిన్నె బాగానే ఉంది" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇంచుమించు అలాంటి బట్ట కోసమే రెండువందల యాభై ఏళ్ళ క్రితం లండనులో ఒక ఇల్లాలు కన్నీళ్ళు పెట్టుకుందని చదివాను. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆవిడ పేరు ఈవా మరియా గారిక్. పుట్టింది వియన్నాలో. పెళ్ళికి ముందు నర్తకి. భర్త డేవిడ్ గారిక్ ఆ రోజుల్లో ఇంగ్లండంతటా పేరు మోగిన నటుడు. కలకత్తాలోని ఇంగ్లీషువాళ్ళు నాటకశాల పెట్టుకుంటే ఆయన సాయం చేశాడు. అందుకు కృతజ్ఞతగా వాళ్ళు ఆయన భార్యకి మచిలీపట్నంలో తయారైన పూలబట్ట పంపారు. థేమ్సు నది ఒడ్డున హాంప్టన్‌లో వాళ్ళకో ఇల్లుంది. అక్కడి పడకగదిలో పందిరిమంచానికి ఆ బట్టతో తెరలు కుట్టించాలని ఈవా ముచ్చట పడింది. దానికి తగ్గట్టు గోడకి అంటించే కాగితం, కుర్చీలు, అన్నీ ముందే సిద్ధం చేసుకుంది. (మనం చీర కొనకముందే జాకెట్టు గుడ్డ వెతుక్కోమూ? అలాగే!) తీరా చూస్తే సుంకం అధికారులు వచ్చి బట్ట పట్టుకుపోయారు. 1775లో గారిక్ ఖజానా శాఖలోని తన స్నేహితుడికి ఉత్తరం రాశాడు: పిల్లలు లేని నా భార్య బిడ్డని పోగొట్టుకున్నట్టు ఏడుస్తోంది, దయచేసి ఆ బట్ట ఇప్పించండని.

గుడ్డ కోసం ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. కాని అప్పటి ఇంగ్లండులో ఆ గుడ్డ దొంగసరుకు!

సంగతేమిటంటే, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగారు. డచ్చివాళ్ళు అంతకంటే అయిదారేళ్ళు ముందే వచ్చారు. మిరియాలకీ లవంగాలకీ బయల్దేరినవాళ్ళు, ఆ ద్వీపాలలో మారకానికి మన బట్ట పనికొస్తుందని కొనడం మొదలుపెట్టారు. తరవాత అదే బట్ట వాళ్ళ దేశాలకి వెళ్ళింది. ఉన్నీ, పట్టు కట్టే ఆడవాళ్ళకి తేలికైన నూలుబట్ట, దాని మీద పూలు, పైగా ఉతికినా పోని రంగు! దొరసాని కట్టింది, దొరసాని దగ్గర పనిపిల్లా కట్టింది. అక్కడి నేతగాళ్ళ మగ్గాలు ఆగిపోయాయి. 1719లో లండను వీధుల్లో నేతగాళ్ళు గుంపులుగా తిరిగి, పూలబట్ట కట్టిన ఆడవాళ్ళని ఆపి, బట్టలు చింపారు. సిరా చల్లారు, ఆమ్లం చల్లారు. వాళ్ళ ఆకలి అబద్ధం కాదు. కాని సరుకు తెచ్చిన కంపెనీని వదిలేసి, కట్టుకున్న ఆడదాని మీద పడ్డారు. ఎక్కడైనా ఇంతే కాబోలు!

1721లో చట్టం చేశారు. అద్దకపు నూలుబట్ట కట్టుకోకూడదు, ఇంట్లో తెరగా కూడా వేలాడదీయకూడదు. ఫ్రాన్సులో ఇలాంటి నిషేధమే 1686 నుంచి 1759 దాకా నడిచింది. ఇంగ్లండువాళ్ళు తమ దేశంలో అద్దిన నూలుబట్టకి 1774లో అనుమతిచ్చారు గాని, మన బట్టకి కాదు. ఈవా గారిక్ ఇరుక్కున్నది అక్కడ.

అంత కావాలనుకుంటే వాళ్ళే అద్దుకోవచ్చుగా అంటారేమో. అక్కడే ఉంది మనవాళ్ళ గొప్పతనం. ఉతికినా పోని ఎరుపు వాళ్ళకి అంత తేలిగ్గా చిక్కలేదు. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి పాద్రీ ఇక్కడి అద్దకంవాళ్ళని అడిగి, ఆ విధానమంతా స్వదేశానికి ఉత్తరంగా రాశాడు. ఈయన తెలుగు, సంస్కృతం నేర్చినవాడు, నిఘంటువు కూర్చినవాడు. మన వంటింటి రహస్యం లాంటిది ఆ ఉత్తరంతో ఊరు దాటింది.

ఆ రహస్యంలో సగం నిజంగా వంటింటిదే! బట్టని ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. తుప్పు పట్టిన ఇనపముక్కలు, బెల్లం నీళ్ళలో నానవేసి రోజుల తరబడి పులియబెడితే, ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన బట్ట మీద నల్లగా దిగుతాయి. ఇక ఎరుపు! పటిక నీళ్ళతో పువ్వు దిద్దుతారు. దిద్దినప్పుడు అక్కడ ఏమంత కనిపించదు. తరవాత చిరివేరు వేసి మరగబెడితే, పటిక తగిలినచోటల్లా ఎరుపు విచ్చుకుంటుంది. తక్కిన చోట్ల పట్టిన మరక ఉతికి ఎండబెడితే పోతుంది. నీలానికి మిగతా బట్టంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచేవారు. నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. ఒక్కొక్క రంగుకీ మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఎండ. ఇనుము, బెల్లం, పాలు, పటిక, వేళ్ళు. ఇంట్లోవీ, పెరట్లోవీ, సంతలోవీ. వీటిలోంచే లోకాన్ని ఏడిపించిన పూలు పూశాయి.

మరి ఆ చెట్టు? అమ్మమ్మ చెప్పిన బందరు చెట్టు? అది పెద్ద కలగాపులగం. పారశీక తోటలు కొంత, చీనా కొండలు కొంత, మన తామరలూ లతలూ కొంత. దానికి తోడు కొనేవాళ్ళ కోరికలు. 1643లోనే కంపెనీ పెద్దలు సూరతులోని తమవాళ్ళకి, దుప్పట్లకి ఎర్రని అడుగురంగు మాకు రుచించడం లేదు, తెలుపు మీద పూలు కావాలని రాశారట. నమూనాలూ పంపేవారు. ఎన్నడూ చూడని దేశపు పువ్వుని కాగితం మీద చూసి, తను ఎరిగిన ఆకులు దానికి తొడిగి, మనవాడు మూడో పువ్వు సృష్టించాడు. ప్రతిభ అంటే శూన్యంలోంచి తెచ్చేదనుకుంటాం. కాదు, చేతిలో ఉన్న పనిలోంచి వచ్చేదే.

పందొమ్మిదో శతాబ్దంలో కథ తిరగబడింది. ఇంగ్లండు మిల్లుల్లో అచ్చయిన పూలబట్టలు మన బజార్లకే వచ్చాయి. ఈసారి ఆగింది మన అద్దకంవాళ్ళ చెయ్యి. వాళ్ళ కోసం ఎవరూ చట్టం చెయ్యలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో ముప్ఫైవేలమంది పోయారు. అయినా ఆ పని పూర్తిగా చావలేదు. బందరు, పెడనలలో అచ్చులతోనూ, కాళహస్తిలో కలంతోనూ బతికింది. 1950ల చివర కమలాదేవీ ఛటోపాధ్యాయ పూనికతో కాళహస్తిలో శిక్షణ మొదలైంది. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఈవా గారిక్ మంచం ఇప్పుడు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. నిద్రపోయినవాళ్ళ పేరు తెలుసు. మంచం చేసిన చిపెండేల్ పేరు తెలుసు. ఆ పూలు వేసినవాళ్ళ పేరు మాత్రం ఎవరికీ తెలీదు.

అది మనసులో పెట్టుకునే కిందటేడు కాళహస్తి వెళ్ళాను. ఒక ఇంటి వసారాలో ఒకావిడ నేల మీద బట్ట పరుచుకుని కలం పట్టుకుంది. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలం. వేళ్ళతో నొక్కితే రంగు దిగుతోంది.

"ఏ పువ్వమ్మా ఇది?" అన్నాను.

"మా పెరట్లో బీరపువ్వేనక్కా. రెండింతలు పెద్దది చేసినా" అంది నవ్వుతూ.

ధర చెప్పింది. అలవాటుగా బేరమాడబోయి, నాలుక కరుచుకున్నాను. డబ్బిచ్చి, "మూలన నీ పేరు రాసివ్వు" అన్నాను. "నా పేరెందుకక్కా, ఎవురు చూస్తారు?" అంటూనే ఉండ్రాళ్ళలాంటి గుండ్రటి అక్షరాలతో రాసింది.

అన్నట్టు, అమ్మమ్మ దుప్పటి మొత్తం పోలేదు. చిరిగిన మూల ఒకటి ఆవిడ ఎప్పుడో కత్తిరించి ఆకువక్కల తిత్తి కుట్టుకుంది. ఆవిడ పోయాక పెట్టె సర్దుతుంటే దొరికింది. జపానులో మన అద్దకపు బట్టని 'సరాసా' అని పిలుచుకుని, చిన్న ముక్కని కూడా పారెయ్యకుండా తేనీటి పొడి భరిణెలకి తిత్తులు కుట్టుకునేవారట. అలాంటి ముక్కలు ఈనాటికీ టోక్యో మ్యూజియంలో దాచారు. జపాను ఊసే తెలియని మా అమ్మమ్మకి ఆ విలువ ఎవరు చెప్పారు?

ఈసారి పాత బట్టలు పోగేసినప్పుడు ఒక్కసారి విప్పి, ఎండలో పరిచి చూడండి. ఏ మూలనో ఒక పువ్వు ఉంటుంది. దాన్ని చూసి ముగ్గు వేస్తారో, దిండుగలీబు మీద కుడతారో మీ ఇష్టం. చూడకుండా మాత్రం ఇచ్చెయ్యకండి.

ఆ మూతగిన్నె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. రోజూ అందులోనే పెరుగు తోడుపెడతాను. గిన్నె బాగానే ఉంది.