కంప్యూటరునకు గ్రాసమిచ్చు పెట్టె



మా జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. ఇచ్చటి ధనంబోడుపై నున్న బౌద్ధస్తూపమును 1882లో బర్జెసు దొర పరిశోధించెను. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరమున, సిద్ధార్థుడను శిల్పి అయిదు ఆయక స్తంభములను దానమిచ్చిన సంగతి ఆ ఱాళ్లపై చెక్కబడియున్నది. సుమారు 1700 ఏండ్ల నాటి వ్రాత యది. నా వ్రాతకు మాత్రము 11 ఏండ్లకే గండము వచ్చినది. ఆ గండమునకు మూలమైన యొక చిన్న పెట్టె చరిత్రమే నేటి ప్రసంగము.

బడి నుండి విరమించినది మొదలు, నందిగామ జగ్గయ్యపేట ప్రాంతముల శాసనపాఠములను, గ్రామ కైఫీయతులను ఒక పాత డెస్క్‌టాప్ కంప్యూటరులో ఎక్కించుచుంటిని. వేఱొక ప్రతి తీసికొనలేదు, అవివేకము నాదే. ఒక వేసవిలో ఆ యంత్రము తనంతట తానే ఆఱిపోయి మరల వెలుగ నారంభించెను. ఉదయమున మీట నాలుగైదు మారులు నొక్కినగాని మేలుకొనదు. ఒకనాడు కైఫీయతు నడుమ ఆఱిపోగా, మూడు పుటలు మాయమయ్యెను. మరమ్మతు చేయు నొకరు చూచి, "డిస్కు పోయిందండీ, పాతసామానుకు వేసెయ్యండి" అనిరి. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

మఱునాడు నా పూర్వశిష్యుడొకడు మీటరు తెచ్చి పసుపుపచ్చ తీగను పరీక్షించెను. 12 వోల్టులుండవలసిన చోట 10.9 మాత్రమే యున్నది. 11.4కు తగ్గరాదట. "డిస్కు నిక్షేపంగా ఉంది మాస్టారూ, దానికి తిండే సరిగా అందటం లేదు" అని నవ్వెను.

ఆ తిండి పెట్టు పెట్టెనే మెకానిక్కులు ఎస్.ఎం.పి.ఎస్. అందురు. వెనుకటి పద్ధతిలో ఇంటి విద్యుత్తును బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి, మిగులు శక్తిని వేడిగా పోగొట్టెడివారు. క్రొత్త పద్ధతి యట్లు కాదు. 230 వోల్టుల ప్రవాహమును ముందు సుమారు 320 వోల్టుల ఏకముఖ ప్రవాహముగా మార్చి, సెకనుకు వేలకొలది మారులు తుంచి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 12, 5, 3.3 వోల్టులుగా వడ్డించును. తుంచు వేగము హెచ్చినకొలది ట్రాన్స్‌ఫార్మరు చిన్నది కావచ్చును. 1977లో వెలువడిన ఆపిల్ 2 కంప్యూటరునకు రాడ్ హోల్ట్ అను ఇంజనీరు ఇట్టి పెట్టెనే కూర్చెను. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి. పెట్టె శక్తి 63.5 వాట్లు. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలమానమును ప్రకటించినందున, ఒకరు చేసిన పెట్టె వేఱొకరు చేసిన యంత్రమున ఇముడుట సులభమైనది. నా వ్రాత దక్కుటకు ఆ కొలమానము చేసిన మేలు తక్కువ కాదు.

ఇందలి బలహీనస్థానము కెపాసిటరు. అది తొట్టిలో నీటివలె విద్యుత్తును క్షణకాలము నిలుపును. లోపలి ద్రవము వేడికి ఇంకిపోగా తల ఉబ్బును, నిలుపుశక్తి తగ్గును. 10 డిగ్రీల వేడి హెచ్చిన దాని ఆయువు ఇంచుమించు సగమగును. 1999 మొదలు 2007 వఱకు కల్తీ ద్రవము గల కెపాసిటర్లు లోకమంతట కంప్యూటర్లను పాడుచేసినవి. మా మెట్టసీమ వేసవియు, హైదరాబాదు రహదారిపై లారీలు లేపు ధూళియు పెట్టెలోని ఫ్యానునకు శత్రువులే.

కరెంటు సంగతి వేఱుగ చెప్పవలెనా? ఇబ్రహీంపట్నపు థర్మల్ కేంద్రము 1979లో పనిచేయ నారంభించినది. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. రైతులకు అది ప్రాణాధారము, నేను కాదనను. కాని మోటార్లన్నియు ఒక్కసారి తిరుగ నారంభించినపుడు మా ఇంట 172 వోల్టులే కనిపించినవి. మంచి పెట్టె యైనచో సెకనులో అరువదవ వంతు కాలము కరెంటు పోయినను ఓర్చుకొనును. నా పెట్టెకు ఆ ఓపికయు నశించినది.

శిష్యుడు ముందుగా వేఱొక యంత్రపు పెట్టెను తగిలించి, వ్రాత నంతయు ప్రతి తీసి, తరువాతనే క్రొత్త పెట్టె బిగించెను. పాతదానిని విప్పి చూడబోయిన నన్ను గద్దించెను కూడ. తీగ పెఱికిన పిదపను అందు ప్రాణాంతకమగు విద్యుత్తు కొంతసేపు నిలిచియుండునట. గురువును గద్దించినందుకు నాకు కోపము రాలేదు.

ఇప్పుడు కైఫీయతులకు మూడు ప్రతులు కలవు, అందొకటి కాగితముపై. మాయమైన మూడు పుటలను మరల ఎక్కించుచున్నాను, రెండు ముగిసినవి.