పాటర్సన్ జలపాతం దగ్గర ఏం వెతకాలి?

జీపీఎస్ సంకేతాల్లో పౌరుల కోసం కావాలని కలుపుతూ వచ్చిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే నెల మొదట్లో తీసేసింది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర చెట్ల మధ్య ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. వెతికి పట్టుకున్నవాళ్లు అందులోని పుస్తకంలో పేరు రాయాలి. ఒక వస్తువు తీసుకుంటే మరొకటి ఉంచి రావాలి. జియోకాషింగ్ అలా మొదలైంది. జలపాతాలూ పాడుబడ్డ మిల్లులూ ఈ ఆటగాళ్లను ఇట్టే ఆకర్షిస్తాయి. కానీ ఒక్క బిందువు దగ్గరికి చేర్చి వదిలేసే ఆట పారిశ్రామిక శిథిలాన్ని చూపించలేదని నా వాదన. నీళ్లు నడిచిన దారి వెంట మజిలీలుగా తీసుకెళ్తేనే ఆ గోడలు అక్కడే ఎందుకు లేచాయో తెలుస్తుంది. న్యూజెర్సీలోని పాటర్సన్ దీనికి గట్టి సాక్ష్యం. ఆ రాష్ట్రంలో తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు కనుక, మన పాఠకుల్లో కొందరికైనా అది దగ్గరి ఊరే.

అక్కడ పసాయిక్ నది నల్లని బసాల్ట్ రాతి చీలికలోకి 77 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. అమెరికా తొలి ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ఆ నీటి బలంతో ఒక తయారీ నగరాన్నే నిలబెట్టాలనుకున్నాడు. సరుకుల కోసం బ్రిటన్ మీద ఆధారపడినంత కాలం స్వాతంత్ర్యం సగమేనని ఆయన నమ్మకం. ఆయన ప్రోత్సాహంతో పుట్టిన ఎస్.యు.ఎం. అనే సంస్థకు 1791లో న్యూజెర్సీ శాసనసభ చార్టర్ ఇచ్చింది. చార్టర్ మీద సంతకం చేసిన గవర్నర్ విలియం పాటర్సన్ పేరే ఊరికి పెట్టారు. కాలువల పని మొదట వాషింగ్టన్ నగరానికి నమూనా గీసిన లాంఫాంకు అప్పగించారు. ఆయన పథకం సంస్థ తాహతుకు మించిపోవడంతో పీటర్ కోల్ట్ వచ్చి పనిని తగ్గించి పూర్తిచేశాడు. 1796కల్లా సంస్థ నూలు వ్యాపారం వదిలేసింది. ఆ తర్వాత భూమినీ నీటినీ మిల్లులకు అద్దెకిచ్చి నిలదొక్కుకుంది. క్రమంగా కాలువలు మూడు అంతస్తులయ్యాయి. పై కాలువ నీరు ఒక వరస మిల్లుల చక్రాలు తిప్పి మధ్య కాలువలో పడేది. అక్కడ మరో వరసను నడిపి కింది కాలువకు దిగి, చివరికి నదిలో కలిసేది. అంటే మనం ఫొటోలు తీసుకునే ఆ నురగ మిల్లుల్లో ఏ పనీ చేయని నీరు. పనిచేసిన నీటిని దూకకముందే పక్కకు మళ్లించారు. జలపాతం ఎదుట ఒక డబ్బా దొరికితే ఈ సంగతి ఎలా తెలుస్తుంది? పై కాలువ నుంచి మొదలుపెట్టి మూడు అంతస్తులూ దిగిన మనిషికి మాత్రం తన కాళ్ల కిందే తెలిసిపోతుంది.

ఆ దారిలోనే చరిత్ర పొరలుపొరలుగా కనిపిస్తుంది. శామ్యూల్ కోల్ట్ తొలి రివాల్వర్ కర్మాగారం 1836లో ఇక్కడే లేచి, కొన్నేళ్లకే మూతపడింది. అదే భవనంలో తర్వాత పట్టు పని నడిచింది. ఊరికి ‘పట్టు నగరం’ అన్న పేరు తెచ్చిన పరిశ్రమ అదే. రోజర్స్ సంస్థ రైలింజన్లు బిగించిన షెడ్డులో ఇప్పుడు పాటర్సన్ మ్యూజియం ఉంది. 1914లో జలపాతం పాదం దగ్గర విద్యుత్ కేంద్రం వచ్చాక మిల్లులకు పక్కనే కాలువ ఉండాల్సిన అవసరం పోయింది. తుపాకీ మిల్లు చుట్టూ పెరిగిన అద్దకం, అచ్చు కర్మాగారాలు 1980ల నాటి అగ్నిప్రమాదాల్లో మొండిగోడలయ్యాయి. పట్టించుకోనందువల్ల కూలిన గోడలివి. వాటికి కాలాన్ని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఆటగాళ్లు రాళ్లు కదిలిస్తారు, గోడల సందుల్లో చేతులు పెడతారు అన్న అభ్యంతరం నిజమైనదే. 2011 నుంచి ఇది జాతీయ చారిత్రక పార్కు. జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా డబ్బా పెట్టడానికి వీల్లేదు. డబ్బా లేకుండానే ఆడే పద్ధతులు జియోకాషింగ్‌లో ఉన్నాయి. కాలువ ఏ వైపు వాలుతోంది, ఈ తూము కింద నీళ్లు ఎటు పోయేవి వంటి ప్రశ్నలకు జవాబు చెబితే చాలు. 2004లో మొదలైన ఎర్త్‌కాష్‌లు భూగర్భ విశేషాలను ఇలాగే ప్రశ్నలతో నేర్పుతున్నాయి. కూలే గోడల దగ్గరికి పిలిచే ప్రశ్న ఏదైనా, అది ఎంత తెలివైనదైనా, పనికిరాదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. నీటి దారి యజమానులూ ఇంజనీర్లూ గీసిన దారి. దాని వెంటే నడిస్తే కూలీలు కనిపించరు కదా? ఒప్పుకోక తప్పదు. 1913లో సుమారు 25 వేల మంది పట్టు కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం, ఒక్కొక్కరి మీద నాలుగు మగ్గాలు మోపడానికి వ్యతిరేకంగా నెలల తరబడి సమ్మె చేశారు. పాటర్సన్‌లో సభలను అడ్డుకోవడంతో పక్కనున్న హేలెడన్‌లో, బొట్టో అనే నేత కార్మిక కుటుంబం ఇంటి ముందు వేలమంది గుమిగూడారు. మేడ మీది వసారా నుంచి నాయకులు మాట్లాడారు. సమ్మె ఓడిపోయింది. ఆ ఇల్లు ఇప్పుడు అమెరికన్ కార్మిక మ్యూజియం. అది ఏ కాలువ ఒడ్డునా లేదు కాబట్టి, పాటర్సన్ మీద అల్లే ఆట ఏదైనా చివరి మజిలీకి నీటిని వదిలి హేలెడన్ రోడ్డెక్కాలి.